తీయించే ముందు తేల్చుకోండి: చర్మం మీద లేచే బొడిపెల సంగతి

ఒంటి మీద బొడిపె లేచిందని వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోగానే అడిగేది ఒకటే: "కాలుస్తారా, కోస్తారా?" నేను చర్మవైద్యురాలిని. కాల్చడం, కోయడం, చల్లదనంతో గడ్డకట్టించడం, మందు రాయమని ఇంటికి పంపడం, ఏమీ చెయ్యకుండా వదిలెయ్యడం అన్నీ నా పనిలో భాగమే. వాటిలో ఏది చెయ్యాలన్నది ఆ బొడిపె ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది. దూరం నుంచి ఒకేలా కనిపించే రెండింటిలో ఒకటి వైరస్ వల్ల వచ్చి పక్కవాళ్లకు అంటుకునేది కావచ్చు. రెండోది ఎవరికీ అంటదు, జీవితాంతం అలాగే ఉన్నా నష్టం లేదు. మొదటిదాన్ని కరిగించే మందు రెండోదాని మీద రాస్తే పుండవుతుంది. చాలా అరుదుగా మూడో రకం, అంటే క్యాన్సర్, కూడా ఉంటుంది. దాన్ని ఇంట్లో కెలికి కాల్చి పారేస్తే, పరీక్షకు పంపాల్సిన ముక్కే మిగలదు.

రోజూ నేను చూసేవాటిలో చాలావరకు ప్రమాదం లేనివే. కాబట్టి భయం అక్కర్లేదు, తొందరా అక్కర్లేదు.

ముందు సరిగ్గా చూడండి

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూడండి. ట్యూబులైటు కింద రంగులు సరిగ్గా తెలియవు. తర్వాత ఫోన్ టార్చిని పక్కనుంచి, చర్మానికి దాదాపు ఆనించి వెయ్యండి. ఎత్తుగా ఉన్నదేదో, వట్టి మచ్చ ఏదో నీడను బట్టి వెంటనే తెలిసిపోతుంది. వేలితో తాకి చూడండి: మెత్తనా, గట్టిదా, గరుకా, నున్ననా? చర్మంతో పాటు కదులుతోందా, లేక చర్మం పైన కదులుతుంటే అది కింద విడిగా జారుతోందా? సన్నని తొడిమకు వేలాడుతోందా, అడుగు వెడల్పుగా అతుక్కుని ఉందా? నడుమ గుంట గానీ చిన్న నల్లటి రంధ్రం గానీ ఉందా? రంగు అంతటా ఒకటేనా?

పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి. నెల తర్వాత అదే చోట, అదే వెలుతురులో మళ్లీ తీయండి. "ఈమధ్య పెరిగినట్టుంది డాక్టర్" అన్న మాట కన్నా ఆ రెండు ఫొటోలు నాకు ఎక్కువ చెబుతాయి. పనిలో పనిగా అరికాళ్లు, కాలివేళ్ల సందులు, గోళ్లు, మాడు, వీపు కూడా చూసుకోండి. వీపుకు రెండు అద్దాలు కావాలి, లేదా ఇంట్లోవాళ్ల సాయం కావాలి.

డాక్టరు చేతిలో ఉండే చిన్న భూతద్దం లాంటి పరికరాన్ని డెర్మటోస్కోప్ అంటారు. దాదాపు పది రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. చర్మం పైపొర మెరుపును తప్పించి కింద రంగు ఎలా పరుచుకుందో, రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూడనిస్తుంది. నొప్పి ఉండదు, నిమిషం కూడా పట్టదు. బొడిపె తీయించుకోవడానికి వెళ్లినప్పుడు దానితో చూడకుండానే కాల్చే యంత్రం ఆన్ చేస్తుంటే, "ముందు ఒకసారి చూసి చెప్పండి" అని అడగడానికి మొహమాటపడకండి.

గరుకు పులిపిర్లు

వేళ్ల మీద, గోళ్ల చుట్టూ, మోకాళ్ల మీద, అరికాళ్లలో గరుగ్గా లేచేవి హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్ల వస్తాయి. వార్ట్స్ అని రాసేది వీటినే. ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. చేతులకూ కాళ్లకూ పులిపిర్లు తెచ్చే రకాలు వేరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసేవి వేరు. వేలి మీద పులిపిరి చూసి ఆ భయం పెట్టుకోవద్దు. వైరస్ కంటికి కనిపించని చిన్న గీతల్లోంచి దూరుతుంది. దూరిన వారాలకో నెలలకో గానీ పులిపిరి బయటపడదు కాబట్టి ఎక్కడ అంటుకుందో వెతికి లాభం లేదు. గోళ్లు కొరికే పిల్లలకు గోళ్ల చుట్టూ వరసగా వస్తాయి. గడ్డం గీసుకునేవాళ్లకు బ్లేడు పోయిన దారెంట చిన్న చిన్న చదును పులిపిర్లు పాకుతాయి. అలా వస్తే నయమయ్యేదాకా ఆ భాగంలో బ్లేడు ఆపి ట్రిమ్మర్ వాడండి.

అరికాలి పులిపిరిని చాలామంది ఆనెకాయ అనుకుని నెలల తరబడి ఆనెకాయల పట్టీలు వేస్తుంటారు. తేడా పట్టుకోవడం కష్టం కాదు. నిటారుగా నొక్కితే ఎక్కువ నొప్పి పెట్టేది ఆనెకాయ. రెండు వేళ్లతో పక్కలనుంచి పిండినట్టు నొక్కితే ఎక్కువ నొప్పి పెట్టేది పులిపిరి. పాదం మీద చర్మపు గీతలు పులిపిరి దగ్గరకొచ్చి ఆగిపోతాయి, దాన్ని చుట్టి పక్కకు మళ్లుతాయి.

ఇంకా అనుమానం ఉంటే నేను స్పిరిట్‌తో తుడిచి, పదిహేనో నంబరు బ్లేడును చర్మానికి దాదాపు సమాంతరంగా పట్టుకుని పైపొర చెక్కుతాను. మొదట పచ్చటి గట్టి చర్మం రేకులుగా వస్తుంది, నొప్పి ఉండదు. మరి కాస్త చెక్కగానే లోపల నల్లటి చుక్కలు బయటపడతాయి. "ముల్లు విరిగి ఉండిపోయింది" అని చూపించేవాళ్లు చూపించేది వీటినే. అవి ముళ్లూ కావు, వేళ్లూ కావు, రక్తం గడ్డకట్టిన సన్నటి నాళాలు. ఇంకొక్క పొర తీస్తే అక్కడక్కడ సూదిమొనంత రక్తం ఉబుకుతుంది. అంతటితో అది పులిపిరే అని తేలినట్టు. ఆనెకాయను చెక్కితే నల్లచుక్కలుండవు, మధ్యలో గాజురంగులో గట్టి ముద్ద ఒకటే కనిపిస్తుంది. ఇది ఇంట్లో చెయ్యకండి. మీకు కావాల్సిందల్లా ఆ నల్లచుక్కలను గుర్తుపట్టడం.

ఇక వైద్యం. పిల్లల్లో దాదాపు సగం మందికి ఏడాదిలో, మూడింట రెండొంతుల మందికి రెండేళ్లలో ఇవి వాటంతటవే పోతాయి. శరీరం వైరస్‌ను గుర్తుపట్టిన రోజు పులిపిరి ఎండి రాలిపోతుంది. నొప్పి లేకపోతే, పాకకపోతే ఆగి చూడటం కూడా సరైన నిర్ణయమే. ఆగలేమనుకుంటే ఇంట్లో చేసుకోదగ్గ వైద్యం సాలిసిలిక్ యాసిడ్. 17 శాతం ద్రవం పెయింట్‌గా దొరుకుతుంది, అరికాలి మందపాటి చర్మానికి 40 శాతం పట్టీలు ఉంటాయి. ఇది నెమ్మదిగా పనిచేసే మందు. సరిగ్గా వాడినవాళ్లకు పనిచేస్తుంది, వారం వాడి మానేసినవాళ్లకు చెయ్యదు.

వాడే పద్ధతి ఇదీ. రాత్రి పడుకోబోయే ముందు పులిపిరి ఉన్న భాగాన్ని గోరువెచ్చటి నీళ్లలో అయిదు నుంచి పది నిమిషాలు నానబెట్టండి. మెత్తబడి తెల్లగా తేలిన పైచర్మాన్ని గోళ్లు అరగదీసే గరుకు పట్టీతో మెల్లగా రుద్ది తీసెయ్యండి. రక్తం వచ్చేదాకా రుద్దకూడదు. ఆ పట్టీని ఇక గోళ్లకూ, మంచి చర్మానికీ, ఇంట్లో ఇంకొకరికీ వాడకూడదు. పూర్తిగా తుడిచి ఆరాక, చుట్టూ మంచి చర్మానికి పెట్రోలియం జెల్లీ అంచులాగా రాసి, మందును పులిపిరి మీదే పెట్టండి. ఆరనిచ్చి ప్లాస్టర్ వెయ్యండి. మర్నాడు మళ్లీ ఇదే. మండి ఎర్రబడితే రెండు మూడు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఇలా పన్నెండు వారాల దాకా పట్టవచ్చు. సీసాలోని ద్రవానికి మంట అంటుకుంటుంది, పొయ్యి దగ్గరా దీపం దగ్గరా పెట్టకండి.

ఎప్పుడు ఆపాలన్నది చాలామందికి తెలియదు. పైకి చదునైపోగానే ఆపేస్తారు, నెలలో మళ్లీ లేస్తుంది. చర్మపు గీతలు ఆ చోటు మీదుగా తెగకుండా సాగి, నల్లచుక్క ఒక్కటీ కనిపించనప్పుడే పోయినట్టు.

ఈ మందు ముఖానికీ, జననాంగాలకూ, పగిలిన చర్మానికీ, పుట్టుమచ్చల మీదా వాడకూడదు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు, కాళ్లకు రక్తప్రసరణ సరిగ్గా లేనివాళ్లు అసలు ముట్టుకోవద్దు. మంట తెలియకపోతే పుండు పడ్డాక గానీ చూసుకోరు. అలాంటివాళ్ల పాదంలో ఏ బొడిపె వచ్చినా నేరుగా డాక్టరు దగ్గరికే రావాలి.

మందుతో పోనివాటికి ద్రవ నైట్రోజన్ ఉంది. దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. పులిపిరి మీద, చుట్టూ ఒకట్రెండు మిల్లీమీటర్ల మేర తెల్లగా గడ్డకట్టేదాకా చల్లుతాం. చల్లుతున్నప్పుడు చురుక్కుమంటుంది, తర్వాత కొన్ని గంటలు సలుపు ఉంటుంది. మర్నాటికి పొక్కు లేస్తుంది, ఒక్కోసారి అందులో రక్తం చేరి నల్లగా కనిపిస్తుంది. కంగారు పడకండి, చిదపకండి. వారం రెండు వారాల్లో పక్కు కట్టి రాలుతుంది. ఒక్కసారికి పోవడం తక్కువ, రెండు మూడు వారాలకోసారి మళ్లీ చెయ్యాల్సి వస్తుంది. కరెంటుతో కాల్చే పద్ధతిలో త్వరగా పోతుంది కానీ అరికాలిలో మచ్చ మిగిలితే నడిచినప్పుడల్లా నొప్పి పెట్టవచ్చు, అందుకని అక్కడ నేను చివరికి గానీ దాని జోలికి వెళ్లను. పదుల సంఖ్యలో ఉన్నవాళ్లకు ఒక పులిపిరిలోకి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా పిల్లలకు వేసేది) టీకా మందు లాంటిది ఎక్కిస్తాం. రోగనిరోధక శక్తి మేలుకుంటే సూది వెయ్యని పులిపిర్లు కూడా రాలిపోతాయి.

జననాంగాల దగ్గర వచ్చేవాటిని మాత్రం ఇంటివైద్యానికి వదలకండి. అవి ఎక్కువగా ఈ వైరస్‌లోని 6, 11 రకాల వల్ల వస్తాయి. వైద్యం వేరు, భాగస్వామినీ చూడాలి, ఇతర లైంగిక వ్యాధుల పరీక్షలూ అవసరమవుతాయి. సిగ్గుపడి నెలలు దాచుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. డాక్టరుకు అది రోజూ చూసే విషయం.

పిల్లల ఒంటి మీద నున్నగా నిగనిగలాడుతూ, నడుమ చిన్న గుంటతో గుంపుగా లేచేవి పులిపిర్లు కావు, మొలస్కమ్. ఇదీ వైరసే, వేరే కుటుంబానిది. చాలావరకు ఏడాది, ఏడాదిన్నరలో మచ్చ లేకుండా పోతాయి. గిల్లకుండా చూడండి, తువ్వాలు వేరుగా ఉంచండి. పిల్లాణ్ణి పట్టుకుని ఒక్కొక్కటీ గిచ్చి తీయించడం నాకు ఇష్టం ఉండదు. పోయేదాని కోసం వాడికి భయం మిగులుతుంది.

వేలాడే పులిపిర్లు

మెడ మీద, చంకల్లో, కనురెప్పల మీద, గజ్జల్లో సన్నని తొడిమతో మెత్తగా వేలాడేవి స్కిన్ ట్యాగులు. వైరస్‌తో సంబంధం లేదు, అంటవు, క్యాన్సర్‌గా మారవు. చర్మం ముడతలు ఒకదానితో ఒకటి రాసుకునే చోట వస్తాయి. బరువు పెరిగినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యనప్పుడు ఎక్కువవుతాయి. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, మెత్తటి బట్ట తాకినట్టుగా మారి, దాని మీద ఇవి చాలా కనిపిస్తే నేను తీసే సంగతి పక్కన పెట్టి ముందు షుగర్ పరీక్ష, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రాస్తాను. మెడ చూపించుకోవడానికి వచ్చి మధుమేహం మొదటి దశలో ఉందని తెలుసుకునేవాళ్లు ఉంటారు. పులిపిర్లు తీయించుకోవడం కన్నా వాళ్లకు ఆ పరీక్షే ఎక్కువ మేలు చేస్తుంది.

తీయడం తేలిక. చిన్నవైతే మత్తు క్రీము రాసి ముప్పావు గంట, గంట ఆగి, శుభ్రం చేసిన కత్తెరతో తొడిమ దగ్గర కత్తిరిస్తాం, లేదా కరెంటు సూదితో తాకిస్తాం. తొడిమ లావుగా ఉంటే మత్తు ఇంజెక్షన్ కావాలి, లోపల రక్తనాళం ఉంటుంది. "ఒకటి తీస్తే పది వస్తాయట కదా" అని అడుగుతారు. తీసిన చోట మళ్లీ రావడం తక్కువే. వేరే చోట కొత్తవి వస్తే, వాటిని తెచ్చిన కారణం ఇంకా ఒంట్లో ఉన్నందువల్లే.

దారం కట్టడం గురించి స్పష్టంగా చెబుతాను: వద్దు. దారం బిగిసినకొద్దీ రక్తం ఆగి బొడిపె ఉబ్బి నల్లబడుతుంది, రోజుల తరబడి ఆ చచ్చిన కండ ఒంటికి వేలాడుతూ చీము పడుతుంది. కనురెప్ప మీద కట్టుకుని కన్నంతా వాచి వచ్చినవాళ్లున్నారు. సున్నం, యాసిడ్, వెనిగర్ రాస్తే కాలేది బొడిపె ఒక్కటే కాదు, చుట్టూ చర్మం కూడా. మంచి చర్మం మీద పడ్డ ఆ నల్లమచ్చ పులిపిరి కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. ఇంటర్నెట్‌లో అమ్మే "రాస్తే రాలిపోయే" చుక్కల మందులూ ఇంతే. పుట్టుమచ్చలను గానీ స్కిన్ ట్యాగులను గానీ డాక్టరు లేకుండా ఇంట్లో తీసుకోవడానికి అమ్మే ఏ మందుకూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు. వాటివల్ల గాయాలు, మచ్చలు అవుతున్నాయని హెచ్చరించింది కూడా.

ఎప్పటినుంచో ఉన్న స్కిన్ ట్యాగ్ ఉన్నట్టుండి నల్లబడి నొప్పి పెడితే చాలావరకు తొడిమ మెలితిరిగి ఉంటుంది. రెండు మూడు రోజుల్లో ఎండి రాలిపోవచ్చు. అయినా నల్లబడిందంటే ఒకసారి చూపించండి.

ముఖం మీద నల్లటివి, వయసుతో వచ్చేవి

బుగ్గల మీద, కణతల దగ్గర చిన్న చిన్న నల్లటి బొడిపెలు వరసగా వచ్చి, "మా అమ్మకూ ఇలాగే ఉన్నాయి" అంటే అవి దాదాపుగా డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా. గోధుమరంగు, నల్లటి చర్మంలో ఎక్కువ, కుటుంబాల్లో నడుస్తుంది. యాభై దాటాక వీపు మీద, ఛాతీ మీద, కణతల మీద మైనం చుక్క అంటించినట్టు గోధుమరంగులోనో నల్లగానో అతుక్కుని కనిపించేవి సెబోరిక్ కెరటోసిస్. గోటితో గీకితే ఊడి వస్తాయేమో అనిపిస్తుంది. రెండూ ప్రమాదం లేనివే, అంటనివే. బట్టకు తగిలి దురద పెడితేనో, చూడటానికి బాగాలేదనిపిస్తేనో తీయించుకోవచ్చు.

ముఖం మీద తీయించుకునేటప్పుడు ఒక జాగ్రత్త నేను ఎప్పుడూ చెబుతాను. మొదటి రోజే అన్నీ తీయించుకోకండి. చెవి ముందు, జుట్టు కప్పే చోట ఒకటో రెండో తక్కువ కరెంటుతో తీయించుకుని నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. ఆ చోట నల్లమచ్చ పడిందా, తెల్లమచ్చ పడిందా, శుభ్రంగా మానిందా చూసి మిగతావి చేయించుకోండి. ద్రవ నైట్రోజన్‌ను మన రంగు చర్మంలో ముఖానికి నేను దాదాపు వాడను. చర్మానికి రంగునిచ్చే కణాలు మిగతా కణాలకన్నా చల్లదనానికి త్వరగా చచ్చిపోతాయి. బొడిపె పోయి తెల్లమచ్చ మిగిలితే మళ్లీ ఆ రంగు తేవడం కష్టం.

సెబోరిక్ కెరటోసిస్‌లు కొద్ది వారాల్లోనే పదుల సంఖ్యలో దురదతో పుట్టుకొస్తే మాత్రం డాక్టరుకు చెప్పండి. చాలా అరుదుగా అది లోపలి అవయవాల క్యాన్సర్‌కు సూచన అవుతుంది.

కనురెప్పల లోపలి మూలల్లో పసుప్పచ్చగా లేచే జాంథిలాస్మా కనిపిస్తే కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోండి. దాదాపు సగం మందికి అది ఎక్కువగా ఉంటుంది. కళ్ల కింద ఇసుకరేణువంత తెల్లటివి మిలియా, లోపల చిక్కుకున్న కెరటిన్, అంటే చర్మపు పొట్టు. గిల్లినా రావు, ఎందుకంటే బయటికి దారి లేదు. సన్నని సూదితో పైపొర తెరిస్తే గింజ బయటికొస్తుంది. పసిపిల్లల ముక్కు మీద వచ్చేవి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. ముప్పై దాటాక పొట్ట మీదా ఛాతీ మీదా కనిపించే ఎర్రటి చుక్కలు చెర్రీ ఆంజియోమాలు, వాటికేమీ చెయ్యక్కర్లేదు.

చర్మం కింద ఉండేవి

వీపు, మెడ, చెవి వెనక భాగాల్లో గుండ్రంగా, చర్మానికి అతుక్కుని, నడినెత్తిన చిన్న నల్లటి రంధ్రంతో ఉన్న గడ్డను నొక్కితే దుర్వాసనతో తెల్లటి ముద్ద వస్తుంది. చాలామంది దాన్ని కొవ్వు అనుకుంటారు. అది కెరటిన్, అంటే చర్మం బయటికి రాల్చాల్సిన పొట్టు లోపలే పోగుపడింది. చర్మపు పైపొర కొంత లోపలికి వెళ్లి తిత్తిగా మారింది, ఆ తిత్తి గోడ ఇంకా పొట్టు తయారుచేస్తూనే ఉంటుంది. ఎన్నిసార్లు పిండినా మళ్లీ నిండటానికి కారణం అదే. పిండినప్పుడు తిత్తి బయటికి కాకుండా లోపలికి పగిలితే చుట్టూ కండ వాచి, ఎర్రబడి, విపరీతంగా నొప్పి పెడుతుంది.

వాపు లేనప్పుడు తీయించడం అన్నివిధాలా మంచిది. మత్తు ఇచ్చి ఆ రంధ్రం చుట్టూ సన్నగా కోసి, తిత్తిని పగలకుండా చుట్టూ విడదీసుకుంటూ వస్తాం. తెల్లగా మెరిసే పలచటి సంచి మొత్తంగా బయటికొస్తే మళ్లీ రాదు. చిన్న ముక్క లోపల మిగిలినా మళ్లీ నిండుతుంది. వాచి చీము పట్టినప్పుడు మాత్రం ఆ గోడ మెత్తబడి చిరిగిపోతుంది. అప్పుడు కోసి చీము వదలగొట్టి, నొప్పి తగ్గించి, కొన్ని వారాలయ్యాక తిత్తిని తీస్తాం. "అప్పుడే పూర్తిగా తీసెయ్యొచ్చుగా, రెండుసార్లెందుకు?" అనేవాళ్లకు ఇదీ కారణం.

కొవ్వు గడ్డలు, అంటే లిపోమాలు వేరు. మెత్తగా ఉంటాయి, వేలి కింద జారతాయి, పైన రంధ్రం ఉండదు, నొప్పి ఉండదు. బరువు తగ్గినా ఇవి తగ్గవు. వదిలెయ్యొచ్చు. అయిదు సెంటీమీటర్లు దాటినా, త్వరగా పెరుగుతున్నా, గట్టిగా లోతుగా కదలకుండా ఉన్నా, నొప్పి పెడుతున్నా స్కాన్ చేయించాలి.

పుట్టుమచ్చలు, ఆగకూడని సందర్భాలు

పుట్టుమచ్చలు చాలామందికి ముప్పైలోపే వచ్చేస్తాయి. పెద్దవాళ్ల ఒంటి మీద పది నుంచి నలభై దాకా ఉండటం మామూలే. వయసుతో కొన్ని రంగు తగ్గి మెత్తగా పైకి లేస్తాయి. చూడాల్సినవి అయిదు: మధ్యలో గీత గీస్తే రెండు సగాలూ పోలకపోవడం, అంచు చెదిరిపోయి ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, ఆరు మిల్లీమీటర్లకు మించిన వెడల్పు, కొద్ది నెలల్లో మార్పు. ఈ అయిదింటిలో నేను ఎక్కువ బరువిచ్చేది చివరిదానికి. మిగతా మచ్చలన్నీ ఒక తీరున ఉండి ఒక్కటే వేరుగా కనిపించినా చూపించాలి.

చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ మెలనోమా. రంగు చర్మం ఉన్నవాళ్లకు అది అరుదు. కానీ వచ్చినప్పుడు ఎండ తగలని చోటే ఎక్కువ వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోటి కింద. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద మెలనోమా బయటపడింది. 1981లో, 36 ఏళ్లకే చనిపోయాడు. గోటిలో నిలువుగా నల్లటి గీత మన చర్మంలో చాలామందికి మామూలుగానే ఉంటుంది, ముఖ్యంగా ఎక్కువ వేళ్లకు సన్నగా ఉంటే. ఒక్క వేలికే కొత్తగా వచ్చి వెడల్పవుతున్నా, ఆ నలుపు గోరు దాటి పక్క చర్మంలోకి పాకినా ఆ వారంలోనే చూపించండి. దెబ్బ వల్ల చేరిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది.

ఇంకా, ఏ బొడిపె అయినా నెలకు పైగా మానని పుండైనా, తాకితే చాలు రక్తం కారుతున్నా, మెరిసే గట్టి అంచుతో మధ్యలో గుంట పడుతున్నా, పైన కొమ్ములాగా గట్టిపడినా ఆగకండి. వారాల్లో ఎర్రగా పెరిగి ధారగా రక్తం కార్చేది చాలాసార్లు పయోజెనిక్ గ్రాన్యులోమా. గర్భిణులకూ పిల్లలకూ వస్తుంది, ప్రమాదం లేనిదే. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఎత్తకుండా నొక్కిపట్టండి. తీశాక మాత్రం ముక్కను పరీక్షకు పంపాలి.

పుట్టుమచ్చను లేజర్‌తో కాల్పించుకోవద్దు. కాలినదాన్ని మైక్రోస్కోప్ కింద చూడలేం. కోసి తీయించి బయాప్సీకి పంపించండి.

మచ్చ గడ్డకట్టే చర్మం

ఛాతీ మధ్య, భుజాలు, చెవి తమ్మెల దగ్గర చిన్న గాయమైనా కొందరికి గాయం హద్దు దాటి గట్టిగా, ఎర్రగా పెరుగుతుంది. అది కీలాయిడ్. మీకు గానీ, ఇంట్లోవాళ్లకు గానీ అలా వచ్చి ఉంటే బొడిపె తీయించుకునే ముందే చెప్పండి. ఛాతీ మీద రెండు మిల్లీమీటర్ల బొడిపె తీయించి దాని చోట రెండు సెంటీమీటర్ల కీలాయిడ్ తెచ్చుకోవడం కన్నా వదిలెయ్యడమే నయం. వచ్చినదానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు నాలుగు వారాలకోసారి, రోజుకు పన్నెండు గంటలకు తగ్గకుండా సిలికాన్ పట్టీలు నెలల తరబడి వాడాలి. ఒక్క ఆపరేషన్‌తో కోసేసి వదిలితే చాలావరకు మళ్లీ వస్తుంది, ఒక్కోసారి మునుపటికన్నా పెద్దదిగా.

తీయించుకున్నాక

రక్తం పలచబడే మందులు వాడుతుంటే, గుండెకు పేస్‌మేకర్ ఉంటే, మత్తు మందు పడకపోతే ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటు పద్ధతిలో ప్రత్యేక జాగ్రత్తలు కావాలి.

గాయాన్ని మర్నాటినుంచి మామూలు సబ్బు నీళ్లతో కడిగి, అద్ది తుడిచి, పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి. ఎండనిస్తే త్వరగా మానుతుందనుకోవడం సరికాదు. తడి నిలిచిన గాయమే త్వరగా, మచ్చ తక్కువగా మానుతుంది. పక్కు దానంతటదే రాలాలి. గోటితో లేపితే కింద చర్మం ఇంకా పచ్చిగానే ఉంటుంది, మచ్చ అక్కడే పడుతుంది. ముఖం మీద కుట్లు అయిదు నుంచి ఏడు రోజులకు, వీపు మీదివి పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తాం. మానిన చోట కొన్ని నెలలు ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాయండి, మన చర్మంలో నల్లమచ్చను ముదిర్చేది ఎండే. ఎరుపు చుట్టూ పాకుతున్నా, చీము, జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి ఉన్నా వెంటనే వెళ్లండి.

ముక్కను బయాప్సీకి పంపితే ఎప్పటికి వస్తుందో అడిగి తెలుసుకోండి. ఫోన్ రాలేదంటే అంతా బాగున్నట్టే అనుకోకుండా వెళ్లి రిపోర్టు చేతికి తీసుకోండి. అందులో అది ఏమిటని రాశారో, అంచుల్లో ఏమైనా మిగిలిందని రాశారో డాక్టరు చేత చదివించుకోండి. తర్వాత ఆ కాగితాన్ని దాచండి. కొన్నేళ్ల తర్వాత అదే చోట మళ్లీ ఏదైనా లేస్తే, చూసే డాక్టరు మొట్టమొదట అడిగేది దాన్నే.